రత్నమాల గారి ‘అలాగేనండీ’

రత్నమాల గారు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎవరికీ ‘కాదు’ అని చెప్పి ఎరగరు. అది ఆవిడ మంచితనమని గుండుగొలను జనం అంటారు. అది ఆవిడకున్న జబ్బని వాళ్ళాయన ఉమామహేశ్వరరావు గారు అంటారు.

ఆవిడ గుండుగొలను శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్. ఇల్లు ఏలూరులో. రోజూ పొద్దున్నే తాడేపల్లిగూడెం వెళ్ళే పల్లెవెలుగు బస్సెక్కి హైవే మీద దిగుతారు. తాళం తీసి, ఫ్యాన్లేసి, వచ్చిన పేపర్లని ఏ పేజీకి ఆ పేజీ విడదీసి బల్ల మీద పరుస్తారు. అప్పటికే గుమ్మం దగ్గర నలుగురు కాచుకుని ఉంటారు. జిల్లా పేజీ కోసం ఇద్దరు పోట్లాడుకుంటే ఇద్దరికీ ‘అలాగేనండీ’ అని చెప్పి, కొట్టుకెళ్ళి ఇంకో పేపరు కొనుక్కొచ్చిన మనిషి ఆవిడ. లేని పుస్తకం అడిగితే లేదనరు. “తెప్పిద్దామండీ” అంటారు. సెలవురోజు పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగి, సొంత డబ్బుతో నిజంగానే తెప్పిస్తారు. ఓసారి ఒకే ముహూర్తానికి నాలుగు పెళ్ళిళ్ళకి వస్తానని మాటిచ్చి, ఒకే ఆటోలో నాలుగు కల్యాణమండపాలూ తిరిగి అక్షింతలు వేసొచ్చారు. నాలుగో చోట పెళ్ళికూతురి పేరు బదులు మూడో పెళ్ళికూతురి పేరు పెట్టి దీవించారట. అది వేరే కథ.

ఉమామహేశ్వరరావు గారి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన బ్యాంకులో లోన్ల సెక్షన్లో పనిచేస్తారు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఆయన చేసేదల్లా మర్యాదగా ‘కుదరదండీ’ అనడమే. ఇంటికొచ్చేసరికి ఆయనకి ఆ మాట అనే ఓపిక మిగలదు. అందుకే వాళ్ళింట్లో ఎవరూ దేనికీ కాదనరు. వాళ్ళమ్మాయి అఖిల డిగ్రీ ఫైనలియర్ దాకా అలాగే పెరిగింది.

ఆ ఏడు వానాకాలంలో కొల్లేరు పొంగింది. బుడమేరు నీళ్ళూ తమ్మిలేరు నీళ్ళూ అన్నీ వచ్చి పడి లంక ఊళ్ళ రోడ్లు మునిగిపోయాయి. నీళ్ళు తీశాక ఒకరోజు సీతమ్మలంక నుంచి యాకోబు లైబ్రరీకొచ్చాడు. చేపలు పట్టుకునే మనిషి. వచ్చినప్పుడల్లా కూతురికి కథల పుస్తకాలు పట్టుకెళుతుంటాడు. ఆ రోజు అతని చేతిలో మూడు పుస్తకాలు అప్పడాల్లా ఉబ్బిపోయి ఉన్నాయి.

“తడిసిపోయినయ్యండీ మేడంగారూ. ఎండబెట్టేను గానీ తేరుకోలేదండీ. ఫైనెంతో చెప్పండి, కట్టేత్తాను.”

“ఫైనేంటండీ, భలేవారే! ముందు మీరెలా ఉన్నారో చెప్పండి.”

“మేం బానే ఉన్నామండీ. పడవే పోయిందండీ. మా లంకలో మొత్తం నాలుగు పోయినయ్యండీ. పడవుంటేనేగా మాకు వేటైనా, ఇంకోటైనా.” అతను నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు చూశాక రత్నమాల గారికి ఆ పూట టిఫిన్ బాక్సు తెరవాలనిపించలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ఆ సంగతి చెబితే, అఖిలకి ఐడియా వచ్చింది. మన జిల్లా వాళ్ళ చేత కథలు రాయించి, పుస్తకం వేసి, అమ్మిన డబ్బుతో సీతమ్మలంకకి ఆ నాలుగు పడవలూ కొనిద్దామని. అఖిల క్లాస్‌మేట్ భరద్వాజ్‌ది తాడేపల్లిగూడెం. లాప్‌టాప్‌లో పేజీలు కట్టడం, అట్ట డిజైన్ చేయడం అతనికి మంచినీళ్ళు తాగినంత తేలిక. పుస్తకానికి ‘నీళ్ళు తీశాక’ అని పేరు కూడా మర్నాటికే పెట్టేశాడు.

“సెలక్షన్ కమిటీ కావాలి కదరా?” అంది అఖిల.

“ఆంటీ ఉన్నారుగా. ఇంత చదివినావిడ ఉండగా ఇంక కమిటీ ఎందుకు?” అన్నాడు భరద్వాజ్. “చేస్తారా ఆంటీ?”

ఆవిడ ఏమన్నారో చెప్పక్కర్లేదు.

ఏలూరులో ప్రెస్సు నడిపే ఏసుకుమార్ ముందే లెక్క తేల్చి చెప్పాడు. “పన్నెండు కథలు, నూట ఇరవై పేజీలు. అంతవరకైతే నా కూలి వదిలేసి కాగితం ఖర్చుకే వేసిపెడతానండీ. అది దాటితే మాత్రం మొత్తం అమ్ముడుపోయినా మీకు మిగిలేది అట్ట ఒక్కటేనండోయ్.”

లైబ్రరీ తలుపుకి నోటీసు అంటించారు. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. పాతికో ముప్పయ్యో వస్తే గొప్ప అనుకున్నారు. కానీ మనవాళ్ళందరి దగ్గరా ఓ కథ ఉంటుందనీ, అడిగే దిక్కు లేక ఊరుకున్నారనీ ఎవరికి తెలుసు! బస్సు కండక్టరు టికెట్టుతో పాటు ప్రేమకథ ఇచ్చాడు. చింతలపూడి నుంచి ఒక పామాయిల్ రైతు డిటెక్టివ్ కథ పంపాడు. అందులో హంతకుడెవరో మొదటి లైన్లోనే ఉంది. బ్యూటీపార్లర్ నడిపే గాయత్రి దెయ్యం కథ రాసింది. ఆ దెయ్యానికి జుట్టు చాలా బావుంటుంది. రిటైర్డ్ తెలుగు టీచర్ వెంకటనరసమ్మ గారు నీతికథ తెచ్చి, ఒక్క కామా కూడా కదపకూడదని చెప్పి మరీ ఇచ్చారు.

రత్నమాల గారు ప్రతి కథా రెండేసి సార్లు చదివారు. ఏది ఎలా ఉందో ఆవిడకి బాగానే తెలుసు. అచ్చు వేయాల్సిన పన్నెండూ మనసులో ఎప్పుడో ఏరి పెట్టేసుకున్నారు. చిక్కల్లా రాసినవాళ్ళు ఎదురుగా వచ్చి నిలబడ్డప్పుడే. వాళ్ళ మొహం చూడగానే ఆ కథలో ఉన్న ఒక్క మంచి వాక్యం ఆవిడకి గుర్తొచ్చేది.

“ఎలా ఉందండీ మేడంగారూ?”

“చాలా బావుందండీ. ఆ వాన పడే చోట మరీనూ.”

“అయితే వేస్తారాండీ?”

“అలాగేనండీ. వేద్దామండీ.”

ఇలా ఒకరికి కాదు, పదిమందికి కాదు. వచ్చినవాళ్ళందరికీ చెప్పేశారు. వాళ్ళు స్వీట్లు పంచుకున్నారు. కండక్టరు ఆవిడ దగ్గర డబ్బులు తీసుకోవడం మానేస్తే, ఆవిడే బతిమాలి టికెట్టు కొట్టించుకుంటున్నారు.

ఈ బండారం ఫ్లెక్సీతో బయటపడింది.

భరద్వాజ్ బస్సులో గూడెం వెళుతూ గుండుగొలను సెంటర్లో కిటికీలోంచి చూసి, ఫోటో తీసి అఖిలకి పంపాడు. హైవే పక్కన కొబ్బరిచెట్టంత ఫ్లెక్సీ. ‘కథా చక్రవర్తి శ్రీ అబ్బాయిరాజు గారికి హార్దిక శుభాకాంక్షలు’ అని ఎర్రక్షరాలు. కింద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అబ్బాయిరాజు గారు. ఆయన వెనకాల ఎందుకో మరి ఒక సింహం. అడుగున గుండ్రటి ఫోటోల్లో మిత్రబృందం, వాళ్ళలో ఇద్దరు సెల్‌ఫోన్ మాట్లాడుతూ.

అబ్బాయిరాజు గారు ఊళ్ళో పెద్ద రైతు. వరిసాగు, పెద్ద మనసు, పెద్ద గొంతు. కథ ఇస్తూనే, పుస్తకం వచ్చాక వంద కాపీలు కొంటానని మాటిచ్చారు. కొత్త అల్లుడు అత్తారింటికి భోజనానికి వెళ్ళడం ఆయన కథ. నలభై ఆరు పేజీలు. అందులో ముప్పై పేజీలు వడ్డనే.

“అమ్మా, ఇది కూడా ఓకే చేశావా?” అంది అఖిల ఫోన్ చూపిస్తూ.

“ఆవడల గురించి ఎంత బాగా రాశారో తెలుసా?”

“ఇంకెన్ని ఓకే చేశావ్?”

రత్నమాల గారు చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. “అందరూ మంచివాళ్ళేనే.”

భరద్వాజ్ అన్నీ కలిపి చూస్తే ఐదొందల పేజీలు దాటింది. అఖిల మొహం చిన్నబోయింది. “అమ్మా, అందరివీ వేస్తే పడవలు రావు. ఒక్కటి కూడా రాదు. పన్నెండు వేసి, మిగిలినవాళ్ళకి నువ్వెళ్ళి చెప్పాలి.”

“నువ్వు చెప్పవే తల్లీ.”

“మాటిచ్చింది నువ్వు.”

“పోనీ ఫోన్లో చెప్పెయ్యనా?”

“అబ్బే, ఫోన్లో బాగోదు,” అన్నారు ఉమామహేశ్వరరావు గారు. “కాదని చెప్పడానికైనా సరే, మనిషి వెళ్ళాలి. అది మర్యాద. ఏం కంగారుపడకు రత్నా. నేను నేర్పిస్తా. నాది ఇదే కదా ఉద్యోగం.”

హాల్లో కుర్చీ వేసుకుని ఆయనే అబ్బాయిరాజు గారయ్యారు. కళ్ళద్దాలు కూడా పెట్టుకున్నారు.

“ఊఁ, చెప్పు. మెత్తగా మొదలెట్టి, గట్టిగా ముగించాలి. నా కథ పడుతుందాండీ మేడంగారూ?”

“రాజుగారూ, మరేనండీ... మీ కథ... కుద... కుద...”

“చెప్పండి మేడంగారూ. మా మిత్రులంతా ఎదురుచూస్తున్నారండీ. మా అమ్మగారు మంచంలో లేచి కూర్చున్నారండీ, కథ పడుతుందని తెలిసి.”

“అయ్యో, పెద్దావిడ కూడానా! అలాగేనండీ, వేద్దామండీ.”

అఖిల తల పట్టుకుంది. రెండోసారి మొదలెడితే ఆవిడ మధ్యలో లేచి ‘రాజుగారికి’ కాఫీ పెట్టి తెచ్చారు. మూడోసారి, ‘రాజుగారు’ ఇంకా రాయని రెండో కథకి కూడా ఆవిడ మాటిచ్చేశారు.

“నా సర్వీసులో ఇలాంటి కేసు చూళ్ళేదు,” అని ఆయన కళ్ళద్దాలు తీసేసి కాఫీ తాగారు.

మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీకి తాళం వేసి, రత్నమాల గారు అబ్బాయిరాజు గారింటికి బయల్దేరారు. సార్వా వరి కోతలు అయిపోయి రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. ‘మీ కథ వేయడం కుదరదండీ’ అని నడిచినంత సేపూ గొణుక్కుంటూనే ఉన్నారు. ఎదురొచ్చిన ఒకాయన తననే ఏదో అడుగుతున్నారనుకుని “ఏంటండీ?” అంటే “ఏం లేదండీ, అలాగేనండీ” అన్నారు.

వెళ్ళింది భోజనాల వేళకి. అదే పొరపాటు. ఆ వేళప్పుడు గుమ్మం తొక్కిన మనిషిని తినకుండా పంపించడం ఆ ఇంట్లో జరగని పని.

“రండి రండి, మేడంగారొచ్చేరండోయ్!” అని అబ్బాయిరాజు గారు వీధిలోంచే కేకేశారు. ఆయన భార్య వీరరాఘవమ్మ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. “కాళ్ళు కడుక్కోండి. మీరు నీచు తినరని తెలుసండీ. కంద బచ్చలీ, గుమ్మడికాయ పులుసూ చేసేను. పూర్ణాలు వేడివేడిగా దిగుతున్నయ్యి.”

అరిటాకు పరిచారు. ఇంక ఆవిడ ఏం చెబుతారు? వాళ్ళన్నం తింటూ వాళ్ళకే కాదని ఎలా చెప్పడం?

అబ్బాయిరాజు గారు ఎదురుగా కూర్చుని ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నారు. “ఫ్లెక్సీ చూసేరాండీ? మా తోడల్లుడు భీమవరం నుంచి ఫోన్ చేసేడండీ, బావా నువ్వు కథలు కూడా రాస్తావా అని. పాతికేళ్ళలో వాడు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలండీ.”

రత్నమాల గారి గొంతులో కంద ముక్క అడ్డం పడింది. మంచినీళ్ళు తాగారు. వీరరాఘవమ్మ గారు పూర్ణం వేసి, చిల్లు పొడిచి నెయ్యి పోశారు. ఇంకోటి వేశారు. అడక్కుండా మూడోదీ వేశారు. నాలుగోది పట్టుకొచ్చేసరికి రత్నమాల గారు రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టేశారు.

“వద్దండీ, వద్దండీ. ఇంక పట్టదండీ.”

“ఒక్కటండీ. చిన్నదండీ.”

“అమ్మమ్మ, వద్దండీ.”

“నా మీద ఒట్టేనండీ.”

“కాదండీ. నిజంగా చాలండీ!”

చేతులు ఆకు మీదే ఉండగా, తన నోటంట వచ్చిన మాట తన చెవిన పడింది. కాదండీ. ఎంత తేలిగ్గా వచ్చింది! తలెత్తి వీరరాఘవమ్మ గారి మొహంలోకి చూశారు. ఆవిడేం చిన్నబుచ్చుకోలేదు సరికదా, కడుపు నిండా పెట్టానన్న తృప్తితో నవ్వుతున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో తను అంటూనే ఉన్న మాట అది. పెట్టేవాళ్ళు మూడుసార్లు బతిమాలతారు, తినేవాళ్ళు మూడుసార్లు వద్దంటారు. అక్కడితో సరి. ఎవరికీ కోపం రాదు.

ఆవిడ ఆకు మీంచి చేతులు తియ్యలేదు. తీస్తే ధైర్యం కూడా పోతుందేమోనని భయం.

“రాజుగారూ,” అన్నారు, “మీ కథ కూడా వద్దండీ.”

అబ్బాయిరాజు గారు మాట ఆపేశారు. ఆయన మాట ఆగడం ఆ ఇంట్లో అరుదేమో, వంటింట్లో ఉన్న పనిమనిషి తొంగిచూసింది.

“బాలేదాండీ?”

“బావుందండీ. కానీ నలభై ఆరు పేజీలండీ. మొత్తం పుస్తకమే నూట ఇరవై. మీదొక్కటీ వేస్తే ఇంకో నాలుగు తీసెయ్యాలండీ. అందరివీ వేస్తే సీతమ్మలంకకి పడవలు రావండీ. నేను ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. తప్పు నాదేనండీ.”

ఆయన గడ్డం నిమురుకున్నారు. తర్వాత, తనకి తెలియకుండానే, వడ్డించేవాడి వరసలోకి దిగిపోయారు.

“పోనీ, సగం వేసుకోండి.”

“వద్దండీ.”

“పోనీ, ఆ ఆవడల పేజీ ఒక్కటి.”

“వద్దండీ రాజుగారూ.”

“పోనీ, కథొద్దు, చివర్లో నా పేరొక్కటి.”

“కాదండీ.” ఆవిడ చేతులు ఇంకాస్త గట్టిగా నొక్కారు. పూర్ణం పగిలి నెయ్యి వేళ్ళకి అంటుకుంది.

వీరరాఘవమ్మ గారు ఫక్కున నవ్వేశారు. “ఊరుకోండీ. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేసేరు కదా, ఇంకా వడ్డిస్తానంటే ఎలాగండీ? అయినా అందులో రాసినయ్యన్నీ మా అమ్మ ఎప్పుడు పెట్టిందండీ మీకు? ఆ రోజు ఆవడలే లేవు.”

“ఉన్నాయే!”

“లేవండీ. మినప్పప్పు నానబెట్టడం మర్చిపోయి మా అమ్మ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.”

అబ్బాయిరాజు గారు ఆవడల సంగతి వదిలేశారు. “పోనీ రెండో పుస్తకంలో వేస్తారాండీ? ఫ్లెక్సీ చూసి అడిగినవాళ్ళకి చెప్పుకోవడానికి.”

“రెండో పుస్తకం లేదండీ.”

“మేడంగారూ, మీరు చాలా మెత్తనివారని ఊళ్ళో ఎవడండీ చెప్పింది?” అని ఆయన పెద్దగా నవ్వారు. నవ్వులో కాస్త బాధ కూడా ఉంది, అది దాచుకోలేదు. “ఫ్లెక్సీ ఇవాళ దింపించేస్తాలెండి. మా తోడల్లుడికి ఏం చెప్పాలో అదే ఆలోచిస్తున్నా. వంద పుస్తకాలు కొంటానన్నాను కదండీ, ఆ మాట మాత్రం అలాగే ఉంటది. పడవలకి కదా.”

రత్నమాల గారు ఆ ఇంట్లోంచి బయటికొచ్చి, రోడ్డు మీద ధాన్యం తొక్కకుండా నడుస్తూ, ఎవరూ లేరని చూసుకుని, ‘కాదండీ’ అని ఇంకోసారి పైకే అన్నారు.

ఆ వారమంతా ఆవిడ ఇల్లిల్లూ తిరిగారు. పద్ధతి తెలిసిపోయింది. ముందు వాళ్ళు ఏదో ఒకటి పెట్టేదాకా ఆగడం, దాన్ని వద్దనడం, ఆ ఊపులోనే కథ సంగతి కూడా చెప్పెయ్యడం. గాయత్రి ఫ్రీగా ఫేషియల్ చేస్తానంటే అదీ వద్దన్నారు, దెయ్యమూ వద్దన్నారు. పామాయిల్ రైతు, హంతకుణ్ణి చివరికి మారుస్తానని బతిమాలాడు. కండక్టరు మాత్రం ఒక్క ముక్క మాట్లాడకుండా టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు.

అందరూ నవ్వుతూ ఒప్పుకున్నారంటే అబద్ధం. వెంకటనరసమ్మ గారు లేచి నిలబడి, “ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పేనమ్మా నేను!” అని లోపలికి వెళ్ళిపోయి తలుపేసుకున్నారు. లైబ్రరీకి రావడం మానేశారు. ఆ రాత్రి రత్నమాల గారికి నిద్ర పట్టలేదు. ‘వెళ్ళి వేస్తానని చెప్పెయ్యనా?’ అని రెండుసార్లు భర్తని లేపారు. “కుదరదు,” అని ఆయన నిద్రలోనే అన్నారు, అలవాటు కొద్దీ.

ఆఖరిది ఇంట్లోనే ఉంది. అఖిల కూడా ఒక కథ రాసింది. ఒక సాయంత్రం పళ్ళెంలో పకోడీలు పెట్టుకుని వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

“తిను అమ్మా.”

“వద్దే.”

అఖిలకి అర్థమైపోయింది. “నాది కూడానా?”

“నీది కూడానే. మొదలు బావుంది. తర్వాత తర్వాత నీకే తొందరొచ్చేసింది. ఇంకో ఏడాది పోతే మంచి కథ రాస్తావు.”

అఖిల ఆ పూట తల్లితో మాట్లాడలేదు. పకోడీలన్నీ తనే తినేసింది. మర్నాడు పొద్దున్న పన్నెండు కథల ఫైలూ ప్రెస్సుకి పంపించింది కూడా తనే.

పుస్తకం వచ్చింది. సన్నంగా, చేతిలో ఇమిడేలా ఉంది. భరద్వాజ్ గూడెం ఉల్లిపాయల మార్కెట్లో కొట్టు కొట్టూ తిరిగి అమ్మాడు. అబ్బాయిరాజు గారు తన వంద కాపీలూ పెళ్ళిళ్ళలో పంచిపెట్టి, “ఇందులో నాది లేదండీ, చదవొచ్చు” అని చెప్పేవారు. వెంకటనరసమ్మ గారు ఎవరి చేతో ఒక కాపీ కొనిపించుకుని, తప్పులన్నిటి కిందా ఎర్ర సిరాతో గీతలు గీసి లైబ్రరీకి పంపించారు. ఉత్తరం ముక్క లేదు. రత్నమాల గారు ఆ కాపీని జాగ్రత్తగా ఏసుకుమార్‌కిచ్చి, రెండో ముద్రణలో అవన్నీ దిద్దించారు. వెంకటనరసమ్మ గారు ఇప్పటికీ లైబ్రరీకి రావట్లేదు.

చలి తగ్గాక ఒక ఆదివారం సీతమ్మలంకలో నాలుగు పడవలూ నీళ్ళలోకి దించారు. కొత్త తారు వాసన, పసుపు, కుంకుమ, అరటిపళ్ళు. యాకోబు చొక్కా ఇస్త్రీ చేయించుకుని నిలబడ్డాడు. పడవ ముందు భాగంలో దుప్పటి మడతపెట్టి పరిచాడు.

“మేడంగారూ, ముందు మీరే ఎక్కాలండీ. మా లంక మొత్తం అదే అనుకున్నామండీ.”

అందరూ ఆవిడ వైపు చూశారు. అఖిల ఫోన్ తీసి వీడియో మొదలెట్టింది. రత్నమాల గారు పడవ వైపు చూశారు. అది ఇటూ అటూ ఊగుతోంది. కింద నీళ్ళు పచ్చగా, లోతు తెలియకుండా ఉన్నాయి.

“నేనెక్కనండీ యాకోబు గారూ,” అన్నారు. “నాకు నీళ్ళంటే చచ్చేంత భయం.”

యాకోబే ముందు నవ్వాడు. “ఆ మాట మొహం మీద చెప్పేసేరు, బావుందండీ. భయంతో ఎక్కి పడవ తిరగేసేవాళ్ళతోనేనండీ మాకు బాధ.”

“చూశారా అండీ,” అన్నారు ఉమామహేశ్వరరావు గారు చుట్టూ ఉన్నవాళ్ళతో. “పాతికేళ్ళ కిందట పెళ్ళిచూపుల్లో ఈ కాదనే ముక్క నోట్లోంచి రాలేదు. వచ్చుంటే నా బతుకెలా ఉండేదో!”

“అప్పుడు మీరు నన్నడిగేరా?” అన్నారు రత్నమాల గారు. “మా నాన్నగారినడిగేరు.”

ఒడ్డు మీద ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఉమామహేశ్వరరావు గారికి ఇంక తప్పలేదు, ఆవిడ బదులు ఆయనే ఎక్కి రెండు చేతుల్తో పడవ అంచులు పట్టుకుని కూర్చున్నారు. అఖిల, భరద్వాజ్ వెనకెక్కారు. యాకోబు గెడ వేశాడు.

“నెమ్మదండీ, నెమ్మది!” అని ఉమామహేశ్వరరావు గారు అరవడం కాసేపు వినిపించింది. తర్వాత అదీ వినపడలేదు. పడవ తూటికాడల మధ్యలోంచి తిన్నగా సాగిపోయింది. అది మలుపు తిరిగేదాకా చూసి, రత్నమాల గారు యాకోబు భార్య పరిచిన చాప మీద కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చున్నారు.